ప్రభు సంస్కారపు చెక్క ట్రేలు: జమా ఖర్చుల వివరణ

సంఘ సభ్యులందరికీ ప్రభువు నామంలో వందనాలు. ప్రభు సంస్కారంలో రొట్టె, ద్రాక్షరసం పంచడానికి కడపలో మన మందిరానికి చేయించిన ట్రేల లెక్క ఇంకా బయటపెట్టలేదని కొందరు గేటు దగ్గర మాట్లాడుకుంటున్నారు. ఆ మాట కమిటీనే అడిగి ఉంటే బాగుండేది. సరే, లెక్క ఇదీ.

జమ: కుటుంబాల చందాలు 28,500. స్త్రీల సమాజం 6,000. యవ్వనస్తులు 3,500. ప్రత్యేక కానుక 4,200. కువైట్‌లో ఉన్న మన సోదరుడు పంపినది 5,000. మొత్తం 47,200 రూపాయలు. అందరికీ కృతజ్ఞతలు. స్త్రీల సమాజం వారు అడక్కముందే తెచ్చిచ్చారు.

ఖర్చు: గాజు కప్పులు 300, ఒక్కోటి 18 చొప్పున 5,400. ఈ బిల్లు తేదీ చెక్క కొన్న తేదీ కంటే ముందుందేమని ఒకరు అడిగారు. కప్పు చేతికి ఇవ్వకుండా ట్రేలో రంధ్రం ఎంత వెయ్యాలో వడ్రంగి ఆచారి గారికి ఎలా తెలుస్తుంది? వదులైతే కప్పు ఊగి ద్రాక్షరసం ఒలుకుతుంది, బిగుతైతే ముసలివాళ్లకు పైకి రాదు.

పాత టేకు 3 ఘనపుటడుగులు, 3,200 చొప్పున 9,600. ప్రొద్దుటూరులో మిద్దె పడగొట్టినప్పుడు వచ్చిన దూలాలు. అంగడాయన తెల్లకాగితం మీదే రాసిచ్చాడు, దానిపై కమిటీవాళ్లు ఇద్దరు సంతకం చేశారు. కడపవాళ్లమై ఉండి ఎర్రచందనం వాడలేదేమన్నారు. మన దగ్గరి పాలకొండల్లో పెరుగుతుంది కాబట్టి మనదే అనుకుంటే కాదు. అటవీ శాఖ పర్మిట్ లేకుండా ఆ చెక్క ముక్క కూడా తేలేం. కోత, ఆటో కలిపి 1,400.

ఇక అందరి నోటా నానుతున్నది కూలి. 36 కప్పుల ట్రేలు 8, ఒక్కోటి 2,200 చొప్పున 17,600. రొట్టె పళ్లేలు 4, ఒక్కోటి 700 చొప్పున 2,800. మొత్తం 20,400. మిషన్ మీద కోయిస్తే సగానికే అయ్యేదట. అడిగాం. పాత చెక్కలో లోపల మేకులు మిగిలి ఉంటే కట్టర్ విరుగుతుందని మిషన్ వాళ్లు ఒప్పుకోలేదు. ఆచారి గారు ఒక్కో మేకూ వెతికి తీశారు, 288 రంధ్రాలు వేసి ప్రతి అంచునూ చేత్తో నున్నగా రుద్దారు. పైగా మిగిలిన చెక్కతో చిన్న స్టాండు ఉచితంగా చేసిచ్చారు.

పునరుత్థాన పండుగకు (ఈస్టర్‌కు) అందలేదన్న కోపం కూడా ఉంది. కొత్తగా కోసిన పలకను వెంటనే బిగిస్తే మన ఎండలకు వంకర తిరుగుతుంది, పాత చెక్కయినా అంతే. అందుకే నీడలో, మధ్యన రీపులు పెట్టి ఆరబెట్టారు. ఆ తర్వాత పూత. రొట్టె నేరుగా తగిలే పళ్లేనికి వాసనొచ్చే వార్నిష్ వద్దన్నాం. పచ్చి అవిసె నూనె, తేనెమైనం పట్టించారు. ఆ నూనె త్వరగా ఆరదు, ఒక పూత ఆరాకే ఇంకొకటి. పండుగకు వారం ముందొచ్చే మట్టలాదివారానికే ఇవ్వమని ఆచారి గారికి టెన్షన్ పెట్టినవాళ్లు ఇది తెలుసుకోవాలి. నూనె, మైనం, ఎమరీ పేపరు 2,150.

ఇత్తడి స్క్రూలు 640. ఇనుపవి అయితే రసం తడికి తుప్పు పట్టి చుట్టూ నల్లమచ్చ పడుతుంది. కప్పడానికి గుడ్డ 1,200, కుట్టుకూలి అక్కయ్యలు తీసుకోలేదు. టీ, బత్తా 760.

మొత్తం ఖర్చు 41,550. నిల్వ 5,650 రూపాయలు.

మూతలు 4 ఇంకా చేయించాలి, ఒక్కోటి 1,800 చొప్పున 7,200 కావాలి. అంటే నిల్వ చాలదు. 6 కుటుంబాలు ఇస్తామని మాట ఇచ్చిన 7,500 ఇంకా రావాలి. పేర్లు రాయడం లేదు. సభలో లేచి నిలబడి ప్రకటించినప్పుడు అందరూ విన్నారు కాబట్టి రాయాల్సిన పనీ లేదు. బిల్లుల ఫైలు ఆదివారం ఆరాధన అయ్యాక కోశాధికారి దగ్గర ఎవరైనా చూసుకోవచ్చు. బాకీ ఉన్నవారు కూడా అక్కడే కట్టి రసీదు తీసుకోవచ్చు.