ఆ టోపీ మరొకరు పెట్టుకోవచ్చు

సంపాదకుడికి,

నమస్కారం.

హాలీవుడ్ సాహస చిత్రాల్లోని పురావస్తు శాస్త్రవేత్త ఇండియానా జోన్స్ కథ, ఆ వేషం వేస్తూ వచ్చిన హారిసన్ ఫోర్డ్‌తోనే ముగిసిపోవాలనీ, ఆ టోపీ, ఆ కొరడా మరో నటుడికి అప్పగిస్తే అది అభిమానులను మోసగించడమేననీ గత వారం ఈ శీర్షికలో ఒక పాఠకుడు రాశారు. ఆయన అభిమానం నాకు కొత్త కాదు. 1981లో మొదలైన ఆ చిత్రాల్లో మూడోదాన్ని సికింద్రాబాద్ సంగీత్ థియేటర్లో ఒకే రోజు రెండు ఆటలు చూసి, ఆఖరి బస్సు తప్పిపోయి, నడుచుకుంటూ గదికి చేరినవాణ్ణి నేను. అయినా ఆయన వాదనను ఒప్పుకోలేకపోతున్నాను.

1989లో వచ్చిన ఆ మూడో చిత్రం ఎలా మొదలవుతుందో గుర్తుచేసుకుంటే చాలు. కాలం 1912, స్థలం యూటా. స్కౌట్ దుస్తుల్లో ఉన్న ఒక కుర్రవాడు దొంగలు తవ్వి తీసిన శిలువను చేజిక్కించుకుని సర్కస్ రైలెక్కి పారిపోతాడు. పాముల తొట్టెలో పడతాడు. సింహాన్ని అదిలించబోయి కొరడా కొసతో తన గడ్డమే కోసుకుంటాడు. చివరికి శిలువ చేజారిపోతుంది, కానీ వాడి తెగువకు ముచ్చటపడిన దొంగల నాయకుడు తన టోపీ తీసి వాడి నెత్తిన పెడతాడు. ఆ టోపీ కింద వంగిన తల పైకి లేచేసరికి కాలం 1938కి మారిపోయి, అక్కడ ఫోర్డ్ ముఖం కనిపిస్తుంది. ఆ కుర్రవాడి వేషం వేసినది రివర్ ఫీనిక్స్. ఫోర్డ్ గడ్డం మీది మచ్చ నిజానికి ఆయన యవ్వనంలో జరిగిన కారు ప్రమాదం మిగిల్చినది. దానికి కొరడా దెబ్బ కథ అల్లడంతో ఒక నటుడి ఒంటి మీది మచ్చ పాత్రకు చెందిన ఆస్తిగా మారింది, ఇంకో నటుడికీ సంక్రమించింది. హాలంతా ఈలలు వేసిందే తప్ప ఇతనెవరని ఒక్కరూ అడగలేదు.

అసలు ఆ పాత్ర ఫోర్డ్ కోసం పుట్టినదీ కాదు. మొదట ఎంపికైన టామ్ సెలెక్ ఒక టీవీ సీరియల్ ఒప్పందంలో చిక్కుకుపోవడం వల్ల అది ఫోర్డ్‌కు దక్కింది. తరువాత 1992లో ఆ పాత్రను సృష్టించిన జార్జ్ లూకాస్ స్వయంగా ఆ కథను టీవీకి తెచ్చినప్పుడు బాల్యంలో కోరీ క్యారియర్‌కు, యవ్వనంలో షాన్ పాట్రిక్ ఫ్లానరీకి అదే పాత్రను ఇచ్చారు.

పద్యనాటకాలు చూస్తూ పెరిగిన తెలుగువారికి ఈ విషయం వివరించి చెప్పవలసిన అవసరమే లేదు. మా తెనాలి ప్రాంతంలో తిరుపతి వేంకట కవుల కృష్ణరాయబారం ఆడితే పడక సీనుకు ఒక కృష్ణుడు, రాయబారం సీనుకు మరో కృష్ణుడు వచ్చేవారు. పీసపాటి కృష్ణుడా, షణ్ముఖి కృష్ణుడా అని అరుగుల మీద తగవులు పడ్డాం గానీ, తెర లేచి తెర పడే లోపల మనిషి మారాడని నాటకం మధ్యలో లేచిపోయినవాడు లేడు. రెండో కృష్ణుడు రంగం మీదికి రాగానే హార్మోనిస్టు ఆయన శ్రుతికి మారేవాడు. పాత శ్రుతిలోనే పాడమని కొత్త నటుణ్ణి ఎవరూ నిర్బంధించేవారు కారు.

నా దృష్టిలో మోసం అనదగినది ఏదైనా ఉంటే అది వేరే చోట ఉంది. 2023లో వచ్చిన అయిదో చిత్రం మొదటి పాతిక నిమిషాల్లో, 1944 నాటి కథ కోసం, ఎనభై ఏళ్ల ఫోర్డ్ ముఖాన్ని కంప్యూటర్ సాయంతో, పాత చిత్రాల నెగెటివ్‌లలోని పోలికలు తీసుకుని, నలభై అయిదేళ్లవాడి ముఖంగా దిద్దారు. ముఖం నిగనిగలాడుతుంటే అందులోంచి ముసలి గొంతు పలుకుతుంది. రైలు పైకప్పు మీద ఆ మనిషి పరుగెత్తుతుంటే అతని ప్రాణం మీదికి వచ్చిందన్న భయం నాకు కలగలేదు. దవడ దగ్గర అతుకు ఎక్కడ ఉందా అని వెతుక్కోవడంతోనే సరిపోయింది. ఆ చిత్రం విడుదలైన రెండు వారాలకే హాలీవుడ్ నటులు సమ్మెకు దిగి 118 రోజులు నిలబడ్డారు. నటుడి అనుమతీ, పారితోషికమూ లేకుండా అతని డిజిటల్ ప్రతిరూపాన్ని వాడరాదన్నది వారి ప్రధాన డిమాండ్లలో ఒకటి. 1994లో మరణించిన నటుడు పీటర్ కుషింగ్ ముఖాన్ని 2016లో తెర మీద మళ్లీ నడిపించినది కూడా ఈ చిత్రాలు తీసిన లూకాస్ ఫిల్మ్ సంస్థే. కాబట్టి ఫోర్డ్ తప్ప మరొకరు వద్దని మనం పట్టుబడితే నిర్మాతలు కథను ముగిస్తారని అనుకోవడం అమాయకత్వం. 2012లో 400 కోట్ల డాలర్లకు పైగా వెచ్చించి ఆ సంస్థను కొన్న డిస్నీ, మన పట్టుదలను సాకుగా చూపి, మనిషి లేని ముఖాన్నే మనకు అమ్మజూపుతుంది.

కొత్త నటుడు నిలవడని చెప్పేవారు 2018లో వచ్చిన, స్టార్ వార్స్ కథల్లోని హాన్ సోలో చిత్రాన్ని ఉదాహరణగా చూపుతారు. అందులో ఫోర్డ్ పాత పాత్రను వేసిన ఆల్డెన్ ఎరెన్‌రైక్ వల్లనే చిత్రం దెబ్బతిన్నదనడం అన్యాయం; షూటింగ్ సగం దాటాక దర్శకులను మార్చి, చాలా భాగం మళ్లీ తీసిన చిత్రం అది. జేమ్స్ బాండ్‌గా 1969లో జార్జ్ లాజెన్బీ ఒక్క చిత్రంతో తప్పుకున్న మాట నిజమే, కానీ 1973లో వచ్చిన రోజర్ మూర్ ఏడు చిత్రాల పాటు నిలిచారు, అదీ షాన్ కానరీని ఒక్కచోట కూడా అనుకరించకుండా. అన్నిటికన్నా నాకు నచ్చిన ఉదాహరణ మ్యాడ్ మ్యాక్స్. మెల్ గిబ్సన్ మూడు చిత్రాల్లో వేసిన ఆ పాత్రను ముప్ఫై ఏళ్ల విరామం తరువాత, 2015లో, అదే దర్శకుడు జార్జ్ మిల్లర్ టామ్ హార్డీకి ఇచ్చారు. పాత నటుడు ఏమయ్యాడన్న సంజాయిషీ ఎక్కడా లేదు. బండి కదిలింది, ప్రేక్షకుడు వెంట నడిచాడు. దానికి ఆరు ఆస్కార్లు వచ్చాయి.

మనిషి మారితే పాత్రను కూడా కొంత సరిదిద్దుకునే వీలు కలుగుతుంది, మనకు అది ముఖ్యం. 1984 నాటి రెండో చిత్రంలో మన దేశాన్ని చూపించిన తీరు, ఆ విందులో కోతి మెదళ్లు, కళ్లు తేలే సూపు, చూసినవారెవరూ మరచిపోయి ఉండరు. స్క్రిప్టు చూసిన భారత ప్రభుత్వం అభ్యంతరం చెప్పడంతో మన దేశపు బయటి దృశ్యాలను శ్రీలంకలో తీశారు. అందులో అమ్రీష్ పురి వంటి నటుణ్ణి చూసి గర్వపడాలో, ఆయన వేసిన ప్రతినాయకుడి వేషం చూసి తల దించుకోవాలో తెలియని స్థితి మాది. పురావస్తువు మ్యూజియంలో ఉండాలన్నది ఆ కథానాయకుడి ఊతపదం. ఏ దేశపు మ్యూజియంలో అని అతన్ని ఎవరూ అడగరు. మా ప్రాంతంలోని అమరావతి స్తూపపు శిల్పాలు నేటికీ లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి కనుక, కొత్తగా వచ్చే ఇండియానా జోన్స్‌ను ఆ ప్రశ్న అడిగే పాత్ర ఒకటి పక్కన ఉంటే బాగుంటుందని నా కోరిక.

తన తరువాత ఆ పాత్ర లేనట్టేనని ఫోర్డ్ 2019లో ఒక టీవీ ముఖాముఖిలో అన్నారు. ఆ మాటను ఆ పాఠకుడు ఉదహరించారు, సరే. అయితే 2024 డిసెంబరులో వచ్చిన వీడియో గేమ్‌లో ఆ పాత్రకు ట్రాయ్ బేకర్ అనే నటుడు గొంతునూ కదలికలనూ ఇచ్చినప్పుడు, దీనికి కృత్రిమ మేధ అవసరం పడలేదు కదా అంటూ మెచ్చుకున్నదీ ఫోర్డే. మా అబ్బాయి ఆ ఆట ఆడుతుంటే నేను వంటింట్లోంచి విని, ఏదో పాత చిత్రం పెట్టాడనుకుని వచ్చి కూర్చున్నాను. అది ఫోర్డ్ కాదని వాడు చెప్పేసరికి నేను అరగంట ఆట చూసేశాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
తెనాలి.