దినోత్సవం పేరుతోపాటు కారణమూ అచ్చువేయండి

సంపాదకుల వారికి,

నమస్కారం. మార్చి నెల వచ్చిందంటే పత్రికల్లో ‘నేటి ప్రత్యేకత’ అనే చిన్న పెట్టె కిక్కిరిసిపోతుంది. 14న గణితంలోని ‘పై’ (సుమారు 3.14) అనే సంఖ్య పేరిట పై దినోత్సవం, 15న రోమ్ పాలకుడు సీజర్ హత్య జరిగిన రోజు, 17న ఐర్లండ్ వారి సెయింట్ పాట్రిక్ దినం, 20న ఆనంద దినోత్సవం, ఆ వెంటనే నౌరూజ్, కవితా దినోత్సవం, అడవుల దినోత్సవం, ఆ తరువాత ఈస్టర్, చివరికి ఏప్రిల్ ఫూల్స్ డే. వేల ఏళ్లుగా జరుగుతున్న పండుగ, ఒక మ్యూజియంలో సరదాగా పుట్టిన వేడుక, ఐక్యరాజ్య సమితి తీర్మానంతో ఏర్పడిన రోజు, అన్నీ ఒకే సైజు అక్షరాల్లో, ఒకే వరుసలో కనిపిస్తాయి. ఏ రోజు ఎవరు పెట్టారో, ఆ తేదీకే ఎందుకు పెట్టారో ఒక్క ముక్క కూడా ఉండదు. ఆ ఒక్క ముక్క అచ్చువేయమని కోరడానికే ఈ లేఖ. మన పండుగల సంగతి పాఠకులకు చెప్పనక్కరలేదు కనుక వాటిని ఇక్కడ పక్కన పెడుతున్నాను.

ఇన్ని రోజులు ఒకేచోట గుమిగూడటానికి కారణం చాలావరకు ఆకాశంలోనే ఉంది. పగలూ రాత్రీ దాదాపు సమానమయ్యే వసంత విషువత్తు మార్చి 20 ప్రాంతంలో వస్తుంది. ఉత్తరార్ధగోళంలో చలి వెనక్కు తగ్గే ఆ సమయాన్నే ఎన్నో జాతులు ఏడాదికి మొదలుగా పెట్టుకున్నాయి. ఇరాన్, మధ్య ఆసియా ప్రాంతాల్లో నౌరూజ్ సరిగ్గా విషువత్తు ఘడియను లెక్కగట్టి జరుపుకొనే కొత్త సంవత్సరం. ఇంగ్లండులో సైతం 1751 దాకా చట్టరీత్యా కొత్త సంవత్సరం మార్చి 25నే మొదలయ్యేది. ఆ దేశపు వ్యక్తిగత ఆదాయపు పన్ను సంవత్సరం నేటికీ ఏప్రిల్ 6న ప్రారంభం కావడం, క్యాలెండర్ మార్పుతో తేదీలు జరిగాక మిగిలిన ఆ పాత లెక్క తాలూకు అవశేషమే. అయితే దక్షిణార్ధగోళంలో అదే రోజు శరదృతువు మొదలవుతుందన్న సంగతి మన ‘ప్రపంచమంతటా వసంతం’ శీర్షికలకు ఎప్పుడూ గుర్తురాదు.

ఆకాశాన్ని పట్టి నడిచే పండుగల్లో సూర్యుడిని మాత్రమే చూసేవి కొన్ని, చంద్రుడిని కూడా లెక్కలోకి తీసుకునేవి మరికొన్ని. ఈస్టర్‌నే తీసుకుంటే, మార్చి 21న గానీ ఆ తరువాత గానీ వచ్చే పౌర్ణమి దాటిన మొదటి ఆదివారం అది వస్తుంది. అందువల్ల మార్చి 22 మొదలు ఏప్రిల్ 25 దాకా ఎక్కడైనా పడవచ్చు. ఆ పౌర్ణమి కూడా చర్చి పట్టికలోని పౌర్ణమే తప్ప ఆకాశంలో కనిపించేది కాదు. ఈ లెక్కలన్నీ ఒకదానికొకటి ఎలా అడ్డొస్తాయో 2008లో బాగా కనిపించింది. ఆ ఏడాది మార్చి 20న నౌరూజ్ రాగా, 21న గుడ్ ఫ్రైడే, యూదుల పూరిమ్ రెండూ కలిసి వచ్చాయి. 23న ఈస్టర్ పడింది. సాధారణంగా ఈస్టర్‌కు దగ్గరలోనే వచ్చే యూదుల పస్కా పండుగ మాత్రం, వారి పంచాంగంలో అధికమాసం రావడంతో, ఏప్రిల్ 20 దాకా రాలేదు. సెయింట్ పాట్రిక్ దినం ఈస్టర్‌కు ముందు వచ్చే పవిత్ర వారంలో చిక్కుకోవడంతో ఐర్లండ్ మతపెద్దలు చర్చి ఆరాధన వరకు దానిని రెండు రోజులు ముందుకు, మార్చి 15కు జరిపారు. ఊరేగింపులు చేసేవారు చాలాచోట్ల 17నే చేసుకున్నారు. పండుగ తేదీ వెనుక ఇంత కథ ఉన్నప్పుడు, అదేదో ప్రభుత్వ కార్యాలయం పంపిన జాబితా అన్నట్టు ఒక్క పేరుతో సరిపెట్టడం పాఠకుడికి అన్యాయం చేయడమే.

ఇక వింత రోజుల విషయం. వీటిని చిన్నచూపు చూసేవారితో నేను ఏకీభవించను. పై దినోత్సవం 1988లో శాన్ ఫ్రాన్సిస్కోలోని ఎక్స్‌ప్లొరటోరియం అనే విజ్ఞాన ప్రదర్శనశాలలో, అక్కడ పనిచేసే భౌతికశాస్త్రవేత్త లారీ షా చొరవతో మొదలైంది. నెలను ముందు, తేదీని తరువాత రాసే అమెరికా పద్ధతిలో మార్చి 14 అంటే 3, 14. ఆ సరదాయే చివరికి 2019లో యునెస్కో అదే తేదీని అంతర్జాతీయ గణిత దినోత్సవంగా ప్రకటించే దాకా వెళ్లింది. తేదీని ముందు రాసే మనబోటి దేశాలకు ఆ లెక్క అతకదని అనేవారికి జులై 22 ఉండనే ఉంది. పైగా 22ను 7తో భాగిస్తే వచ్చే విలువ 3.14 కన్నా ‘పై’ అసలు విలువకు కాస్త దగ్గరగా ఉంటుంది. బడిపిల్లలు కాగితం మీద ఐదు నిమిషాల్లో తేల్చుకోగల ఈ విషయాన్ని ఆ పెట్టెలో వేస్తే, ‘నేడు పై దినోత్సవం’ అన్న వట్టి మాట కంటే ఎంత ఉపయోగమో ఆలోచించండి. చికాగో నదికి సెయింట్ పాట్రిక్ దినాన ఆకుపచ్చ రంగు కలపడం కూడా అలాంటిదే. నదిలోకి మురుగు ఎక్కడి నుంచి కలుస్తోందో పట్టుకోవడానికి ప్లంబర్లు వాడే రంగును చూసి 1962లో పుట్టిన ఆలోచన అది. ఆ మొదటి ఏడాది రంగు ఎక్కువై నది వారం రోజుల పాటు పచ్చగానే ఉండిపోయింది.

నా అసలు అభ్యంతరం మార్చి 21 గురించి. 1960లో ఆ రోజున దక్షిణాఫ్రికాలోని షార్ప్‌విల్‌లో, నల్లజాతి వారు అనుమతి పత్రాలు వెంట ఉంచుకుని తీరాలనే చట్టాన్ని నిరసిస్తూ చేరిన జనంపై పోలీసులు కాల్పులు జరపగా, అధికారిక లెక్క ప్రకారం 69 మంది మరణించారు. ఆ కారణంగానే 1966లో ఐక్యరాజ్య సమితి ఆ తేదీని జాతి వివక్ష నిర్మూలన దినంగా ప్రకటించింది. తరువాత అదే తేదీ మీద 1999లో యునెస్కో కవితా దినోత్సవం వచ్చి చేరింది. 2012లో అడవుల దినోత్సవం, 2025 నుంచి హిమానీనదాల దినోత్సవం చేరాయి. బొమ్మలాటల దినోత్సవం సరేసరి. డౌన్ సిండ్రోమ్ దినం కూడా అదే రోజు, కానీ దానికి గట్టి కారణముంది: ఆ స్థితి ఉన్నవారిలో 21వ క్రోమోజోమ్ మూడు ప్రతులుగా ఉంటుంది కనుక మూడో నెల 21వ తేదీని ఎంచుకున్నారు. మిగిలిన వాటి మీద నాకు ద్వేషం ఏమీ లేదు, కవిత్వం అంటే ఇష్టమే. కానీ కాల్పుల్లో చనిపోయినవారి పేరు మీద ఏర్పడిన రోజు, అయిదారు దినోత్సవాల వరుసలో నాలుగో స్థానంలో, ఏ వివరణా లేకుండా కనిపించడం బాధాకరం. కొన్నేళ్లుగా కొన్ని పెట్టెల్లో ఆ పేరు కూడా ఉండటం లేదు.

కనుక పత్రికలను నేను కోరేది ఇది. ఒకే తేదీకి చాలా రోజులు పడినప్పుడు సంపాదక వర్గం వాటిలో ఒకటి రెండింటిని ఎంచుకుని, వాటి పుట్టుక ఒక వాక్యంలో చెప్పాలి. మిగిలినవి వదిలేసినా కొంప మునగదు. మార్చి 24న క్షయ దినం ఎందుకంటే 1882లో అదే రోజు రాబర్ట్ కాక్ ఆ వ్యాధి సూక్ష్మజీవిని కనుగొన్నట్టు ప్రకటించాడు. ఈ వాక్యానికి పట్టే చోటు ఎంత? నిరుటి పట్టికను యథాతథంగా దించడం కూడా మానాలి. ఐక్యరాజ్య సమితి నౌరూజ్ దినాన్ని మార్చి 21గా స్థిరపరిచినా, విషువత్తు చాలా ఏళ్లలో 20నే వస్తున్నందువల్ల కొత్త ఏడాది ఘడియ ముందురోజే వచ్చేస్తోంది. మన పత్రికలు మాత్రం మరునాడు శుభాకాంక్షలు అచ్చువేస్తున్నాయి. కనీసం వచ్చే మార్చి 21న షార్ప్‌విల్ పేరు, 1960 అన్న ఏడాదితో సహా, ఆ పెట్టెలో మొదటి వాక్యంగా ఉండేలా చూడవలసిందిగా మనవి.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు