మన కాలనీ పక్షుల బృందం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలని రూలు ఉంది కాబట్టి చదువుతున్నాను, పైగా ఈ ఏడు నిజంగానే పని జరిగింది, కాస్త ఓపిగ్గా వినండి. బృందం ఎందుకు పెట్టుకున్నామో మీకు మళ్లీ చెప్పక్కర్లేదు.

ఎప్పటిలాగే ఎక్కువ మంది అడిగింది ఒకే మాట, "మా పెరట్లో కొత్త పిట్ట వాలింది, ఏంటో చెప్పండి" అని. ఫోటో చూస్తే గోధుమరంగు ఒళ్లంతా తెల్లచుక్కలు, తోక మీద అడ్డచారలు, ఎర్రటి కన్ను. పంపినవాళ్లు డేగ అనే అంటారు. అది ఆడకోయిల! నల్లగా ఉండి కుహూ అని కూసేది మగది, ఆడది ఆకుల చాటున కిక్ కిక్‌మని అరుస్తుందంతే. ముక్కు చూస్తే తేలిపోతుంది, డేగ ముక్కు కొన కిందికి వంగి ఉంటుంది, కోయిలది అలా ఉండదు. తేనెపిట్టలదీ ఇదే కథ. ఎండాకాలంలో నీలంగా నిగనిగలాడిన మగది, పిల్లల్ని పెంచడం అయ్యాక ఆడదానిలా పసుపు పొట్టతో కనబడుతుంది, గొంతు నుంచి పొట్ట దాకా ఒక నల్లగీత మాత్రం మిగులుతుంది. మూడో వీధి పిన్నిగారి మందారాల దగ్గర ఆ గీత కనిపెట్టింది ఏడో తరగతి అమ్మాయి, పెద్దవాళ్లం కాదు. ఇక నెత్తిన కుచ్చుతో పచ్చికలో పురుగులు పొడుచుకు తినేదాన్ని వడ్రంగి పిట్ట అనడం దయచేసి మానండి, అది కూకుడు గువ్వ.

నేను చెప్పేదేంటంటే, తెలియదనుకున్న పిట్ట చాలాసార్లు తెలిసినదే, ఆడదో, పిల్లదో, రంగు మారినదో అయి ఉంటుంది. అందుకే అడిగేటప్పుడు "పచ్చగా, బాగుంది" అని ఊరుకోకుండా పిచ్చుకంతా, గోరింకంతా, కాకంతా, ముక్కు ఎలా ఉంది, నేలమీద ఉందా కొమ్మమీదా, ఏం చేస్తోంది అన్నవి ముందు చెప్పండి. రంగు ఆఖరున.

నిజంగా కొత్తది ఒక్కటే వచ్చింది, ఈ ఏటి మన గొప్ప అదే. అక్టోబరులో ఒక పొద్దున వాచ్‌మన్ గదిపక్క రాలిన ఆకుల్లో కదలకుండా కూర్చుంది. వీపు ఆకుపచ్చ, కంటి మీదుగా నల్లపట్టీ, రెక్కలో మెరిసే నీలం, తోక కింద ఎరుపు, ఆ తోక కూడా ఉందా లేదా అన్నంత పొట్టి. ఇండియన్ పిట్టా, నవరంగ్ అని కూడా అంటారు. ఉత్తరాదిన, మధ్య భారతంలో గుడ్లు పెట్టి, చలికాలానికి రాత్రిపూట ఎగురుతూ దక్షిణానికి వస్తుంది, దారిలో అలసి ఇలా ఇళ్లమధ్య దిగిపోతుంటుంది. పంజరం తెస్తానన్న పెద్దాయన్ని (పేరు వద్దులెండి) ఆపి, 1972 వన్యప్రాణి చట్టం సంగతి చెప్పి, గాలి ఆడే అట్టపెట్టెలో చీకటిగా ఉంచాం. నోట్లో నీళ్లు పోయనివ్వలేదు. సాయంత్రం పెట్టె తెరిస్తే గెంతుతూ వెళ్లి ఆకులు తిరగేసుకుంది. ఆ తర్వాత కొన్నాళ్లు, వెలుగు రాకముందు, మళ్లీ మునిమాపున, దాని రెండు ముక్కల ఈల ఖాళీ స్థలం వైపు నుంచి వినబడేది.

ఫిబ్రవరిలో నాలుగు రోజుల గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌లోనూ పాల్గొన్నాం. ఎవరి డాబా మీద వాళ్లు పదిహేను నిమిషాలు కూర్చుని కనబడిన పక్షుల్ని లెక్కపెట్టి, పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో ఎక్కిస్తే చాలు, అంతకుమించి కష్టమేం లేదు. పేర్లు ఇచ్చినవాళ్ల పట్టిక చాలా పొడుగ్గా ఉంది, లెక్కలు పంపినవాళ్లు మాత్రం పిల్లలూ, వాళ్లని లేపిన తల్లులూ. టీ మాత్రం అందరికీ పెట్టాం.

కంసాలి పిట్ట సంగతి చెప్పకుండా ఉండలేను. పార్కులో ఎండుకొమ్మకి అడుగువైపు తొర్ర చేసుకుని పిల్లల్ని పెట్టింది, అన్నం తిన్నా నిద్రపోయినా టుక్ టుక్ టుక్ అని వినబడేది. పిల్లలు ఎగిరేదాకా ఆ కొమ్మ ముట్టుకోవద్దని ఆఫీసులో అర్జీ ఇస్తే, సార్ సీట్లో లేరు, రేపు రండి అన్నారు. ఆ రేపు రాకముందే రంపం వచ్చింది. ఎండుకొమ్మ ప్రమాదమే, కాదనను, రెండు వారాలు ఆగలేరా?

జమాఖర్చులు కోశాధికారి గారు నోటీసుబోర్డులో పెట్టారు, చందా వచ్చింది, పుస్తకాలకీ టీలకీ అయిపోయింది, అభ్యంతరాలుంటే ఆయన్నే అడగండి.

హాలు ఇచ్చిన కాలనీ సంఘానికి, ప్రతి ఫోటోకీ విసుక్కోకుండా పేరు చెప్పిన రిటైర్డ్ జువాలజీ మాస్టారికి, వాచ్‌మన్‌కి, పట్టికలు ఊరికే తీసిచ్చిన జిరాక్స్ షాపు తమ్ముడికి, మందారాలు కొట్టెయ్యని పిన్నిగారికి కృతజ్ఞతలు. వచ్చే ఏడు ఫిబ్రవరి లెక్కింపుకి వీధికొకరు బాధ్యత తీసుకోవాలి, పేర్లు ఇవాళే ఇవ్వండి. బృందం బైనాక్యులర్స్ సంక్రాంతి నుంచి ఎవరింట్లో ఉందో తెలియడంలేదు, దయచేసి తెచ్చివ్వండి.

ఇట్లు,
కార్యదర్శి