గాలి తగ్గేదాకా తుపాకీ ఇవ్వను

బాయ్‌సీ, ఐడహో,
ఏప్రిల్ 15

చిన్నా,

నీ మెసేజ్ శనివారం పొద్దున చూశాను. అప్పుడు నేను ఆరెగాన్‌లోని బర్న్స్‌లో, ఆసామి గారి గడ్డి షెడ్డు కింద నిలబడి వాన ఎప్పుడు తెరిపి ఇస్తుందా అని ఎదురుచూస్తున్నాను. "మే మొదటి వారంలో ఫ్రెండ్స్‌తో వస్తున్నా, పక్షుల సంరక్షణ ప్రాంతంలో నేల ఉడతల్ని కొట్టడానికి నీ సెవెంటీన్ తుపాకీ ఇస్తావా అమ్మా" అన్నావు. అక్కడ సిగ్నల్ ఒక గీత వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. వచ్చినా రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు. అందుకే తీరిగ్గా కూచుని రాస్తున్నాను.

ముందు మా ప్రయాణం సంగతి చెప్తాను. శుక్రవారం మధ్యాహ్నం పక్కింటి పెద్దాయన, నేను ఆయన ట్రక్కులో నేల ఉడతల వేటకి బయల్దేరాం. వేల్, జంటురా దాటేదాకా చినుకులే. డ్రింక్‌వాటర్ కనుమ ఎక్కేసరికి చినుకు కాస్తా మంచయింది. వైపర్లు ఎంత వేగంగా ఆడినా అద్దం తేటపడలేదు. ఈ కాలంలో మీ అమ్మమ్మ వాళ్ళింట్లో పెరట్లో వడియాలు పెడుతుంటారు. బర్న్స్ 4,100 అడుగుల ఎత్తున ఉందిరా, అక్కడ ఏప్రిల్‌కి ఒక మాట మీద నిలబడే అలవాటు లేదు. అక్కడ టైము మనకంటే గంట వెనక కాబట్టి గడియారం గంట వెనక్కి తిప్పుకున్నాం గానీ ఆ గంట కూడా మాకు కలిసిరాలేదు.

శనివారం చాలాసేపు షెడ్డు కిందే. మధ్యమధ్య వాన ఆగి మంచుపూసలు రాలాయి. వడగళ్ళు కావు, దూదిపింజలూ కావు. అచ్చం నూకల్లా ఉన్నాయి, చేటలో చెరిగి పోస్తున్నట్టు జలజలా. తుపాకీ ఆనించుకునే బల్ల మీద అరంగుళం పేరుకున్నాయి, చేత్తో ఊడిస్తే మళ్ళీ పేరుకున్నాయి. స్కోపు అద్దం తుడిచినకొద్దీ మసకబారింది. పొలంలోకి ట్రక్కు దింపొద్దన్నాడు ఆసామి. ఆ బురదలో చక్రం గాడి పడిందంటే వేసవి కోతలో మిషన్ అక్కడ ఎగిరిపడుతుంది. నిజమే కదా, నడిచే వెళ్ళాం. ఒక్కో బూటుకి రెండేసి శేర్ల మట్టి. ఫ్లాస్కులో రసం, డబ్బాలో పులిహోర ఉండబట్టి సరిపోయింది. సాయంత్రం దాకా పొలంలో ఒక్క తల పైకి లేవలేదు.

లేవవు కూడా. ఆ నేల ఉడతలు జూలై, ఆగస్టుల్లో బొరియలోకి వెళ్ళి పడుకుంటే మళ్ళీ ఫిబ్రవరి, మార్చి దాకా లేవవు. ఆర్నెల్లు దాటిన ఉపవాసం. లేచాక పచ్చిక మొలిచిన చోటల్లా మేసి ఒళ్ళు చేసుకోవాలి, పిల్లల్ని పెట్టాలి, మళ్ళీ పడుకోవాలి. ఈ నాలుగైదు నెలలే వాటి బతుకంతా. అందులో ఇలాంటి చలిగాలి రోజులు పోతే వాటికి మనకంటే ఎక్కువ నష్టం. కాలిఫోర్నియాలో టయోగా కనుమ దగ్గర 1977లో వసంతంలో ఇలాగే మంచు తుఫాను వచ్చి చాలా ఉడతలు చచ్చిపోయాయట. వాటినే ఏళ్ళ తరబడి గమనిస్తున్న శాస్త్రవేత్తలు అక్కడే ఉండి రాసిపెట్టారు.

ఆదివారం పొద్దున్నే ఎండ వచ్చింది. సరిగ్గా నలభై అయిదు నిమిషాలు. పొలమంతా ఉడతల ఈలలు మొదలయ్యాయి. గుట్టకొకటి, మేకు దిగేసినట్టు నిటారుగా నిలబడ్డాయి. ఎనభై గజాల లోపు వాటినే ఏరుకుని కొట్టాను. తొమ్మిది. అన్నీ ఉన్నచోటే పడ్డాయి. పెద్దాయన లెక్క పద్నాలుగు.

అక్కడితో లేచి ఉంటే బాగుండేది.

గాలి మొదలైంది. కంచె మీద గుడ్డపేలిక ఒకసారి వాలుతూ ఒకసారి చాపలా బిగుస్తూ ఉంది. నూట ముప్పై గజాల దూరంలో ఒకటి గుట్ట మీద నిలబడి ఆపకుండా అరుస్తోంది. మన సెవెంటీన్ తూటా ఎంత తేలికో నీకు తెలుసు. గంటకు 10 మైళ్ళ పక్కగాలికే వంద గజాల దగ్గర మూడు నాలుగు అంగుళాలు జరిగిపోతుంది. ఉడత వెడల్పే మూడంగుళాలు. నేను పేలిక వాలినప్పుడు లెక్కగట్టి, రెండు ఉడతల వెడల్పు పక్కకి పట్టి నొక్కాను. నొక్కిన క్షణాన గాలి విసిరింది. తూటా నడుం కింద తగిలింది. వెనక కాళ్ళు రెండూ పడిపోయాయి. ముందు కాళ్ళతో నేలను లాక్కుంటూ, లాక్కుంటూ కన్నంలోకి వెళ్ళిపోయింది. రెండో తూటా వేసే సందు కూడా ఇవ్వలేదు.

నడిచి వెళ్ళాను. కన్నం నోట్లో ఆ నూకల మంచు మీద గీత గీసినట్టు నెత్తురు. మోకాళ్ళ మీద కూచుని ఇరవై నిమిషాలు చూశాను. ఏమీ రాలేదు. తుపాకీ ఖాళీ చేసి సంచిలో పెట్టేశాను. పెద్దాయన ఏమీ అనలేదు, ఆయనా సర్దేశాడు. రెండు వందల మైళ్ళు వెళ్ళి ముక్కాలు గంట వేట చేసి వచ్చామన్నమాట.

ఆ ఈల సంగతి నేను ఇదివరకే చదివాను. చదివీ ఆ తూటా వేశాను. పాల్ షెర్మన్ అనే ఆయన ఈ జాతి ఉడతల మీదే పనిచేసి 1977లో అచ్చువేశాడు. వీటిలో మగవి పెరిగాక ఇల్లు విడిచి దూరం పోతాయి, ఆడపిల్లలు పుట్టిన చోటే చుట్టుపక్కల కాపురం ఉంటాయి. నక్కలాంటిది నడిచి వస్తుంటే ముందు అరిచేవి ఎక్కువగా ఆడవే, అందులోనూ దగ్గర్లో కూతుళ్ళో అక్కచెల్లెళ్ళో ఉన్నవి. అలా అరిచినదే ముందు శత్రువు కంట పడుతుంది. అయినా అరుస్తుంది. నేను కొట్టినది ఆడదో మగదో తెలీదు. పిల్లలింకా బొరియల్లోనే ఉండే రోజులని మాత్రం తెలుసు.

నీకు నేను నేర్పిన పని తప్పని అనడం లేదు. ఆ పొలం ఆల్ఫాల్ఫా. మన పశువుల డాక్టర్లు లూసర్న్ అంటారే, ఆ మేత. గుట్టల చుట్టూ బోడిగుండులా కొరికేసి ఉంది. మట్టిగుట్టలు తగిలి కోతమిషన్ కత్తులు అరిగిపోతాయి. ఆయన ఏడాది తిండి అందులో ఉంది. మీ తాతయ్య దాళ్వా చేను పొట్ట మీద ఉన్నప్పుడు ఎలకలు అడ్డంగా కొరికేస్తే ఆయన రాత్రిళ్ళు గట్టు మీదే తిరిగేవారు. ఎలకల బుట్టలవాళ్ళు వచ్చి సాయంత్రం పెట్టి, తెల్లారి తీసి, తోకలు లెక్కపెట్టి డబ్బులు పుచ్చుకునేవాళ్ళు. బొరియ తవ్వితే లోపల మూరెడు లోతున వరి వెన్నులు కట్టకట్టినట్టు ఉండేవి, అవి వాళ్ళు గింజలకి పట్టుకెళ్ళేవాళ్ళు. ఇంగ్లీషువాళ్ళు బ్యాండికూట్ అంటారే, అది మన పందికొక్కు మాటేరా, మన చేలల్లోంచే వెళ్ళింది. పంటకీ ఎలుకకీ మధ్య నిలబడ్డ ఇంట్లో పుట్టాను నేను. నాకు సిగ్గు లేదు. కానీ ఆ బుట్టలవాళ్ళ చేతిలో దెబ్బతిని పారిపోయిన ఎలుకని నేను చూసిన గుర్తు లేదు.

అమ్మమ్మ ఫోన్లో "ఉడతనా! రాముడు వేళ్ళతో నిమిరిన జీవం కదే" అంది. వీటికి వీపు మీద చారలు ఉండవమ్మా అన్నాను. "చార లేకపోతే ప్రాణం లేదా" అంది. నా దగ్గర జవాబు లేదు. ఎలకల సంగతి ఎత్తితే ఊరుకునేదేమో, ఎత్తబుద్ధి కాలేదు.

ఇప్పుడు నీ సంగతి. నువ్వు చెప్పిన చోటు ఊరికి దక్షిణాన ఉన్న పక్షుల సంరక్షణ ప్రాంతం, 1993లో ఏర్పాటు చేసింది. అక్కడి ఉడతలు ఎవరి పంటా తినడం లేదు. ప్రెయిరీ డేగలు వాటి మీదే పిల్లల్ని పెంచుతాయి. కాల్చడానికి అనుమతి ఉన్నంత మాత్రాన మొదటిసారి తుపాకీ పట్టేవాళ్ళని అక్కడికి తీసుకెళ్ళడం నాకు ఇష్టం లేదు. అక్కడ గద్దల్నీ, పొడవు ముక్కు కర్ల్యూ పిట్టల్నీ చట్టానికి విరుద్ధంగా కాల్చి పడేసినవాళ్ళు ఉన్నారు. ఒకవేళ వెళ్ళినా సీసం లేని తూటాలే. పడిన ఉడతని గద్ద తింటుంది, ఆ సీసం ముక్కలు దాని కడుపులోకి పోతాయి.

ఇంకోటి, ఇది మరీ ముఖ్యం. నీ ఫ్రెండ్స్‌లో ఎఫ్-1 వీసా మీద మన ఊళ్ళనుంచి వచ్చిన పిల్లలు ఉన్నారు కదా. చెల్లే హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపు ఏదీ లేకుండా వాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరం. "ఒక్కసారి పట్టుకోరా, ఫోటో తీస్తా" అని నువ్వు అందించావంటే ఇండియాలో ఒక అమ్మానాన్నా వాడి మీద పెట్టుకున్నదంతా ప్రమాదంలో పడుతుంది. మీ నాన్న, నేను గ్రీన్ కార్డు వచ్చేదాకా వీటి జోలికి పోలేదు.

ఇక్కడ హంటింగ్ లైసెన్స్ కావాలంటే 1975లో గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకి హంటర్ క్లాసు తప్పదు కాబట్టి నీకు పదకొండేళ్ళప్పుడు నీ పక్క కుర్చీలోనే నేనూ కూచున్నాను. పరీక్షలో నీకే రెండు మార్కులు ఎక్కువ వచ్చాయి. కాబట్టి నీకు తెలీదని కాదు. తెలిసిన నేనే ఆదివారం ఆ పని చేశాను, అందుకే భయం.

శుక్రవారం రాత్రికి వచ్చెయ్. మీ అందరికీ గుత్తివంకాయ కూర చేస్తాను. తుపాకీ పెట్టె తాళం నా దగ్గరే ఉంటుంది, నేనూ వస్తాను. బర్న్స్ ఆసామిని అడిగాను, రమ్మన్నాడు. ముందు వంద గజాల్లో పేపర్ ప్లేటు మీద నువ్వు అయిదు తూటాలు వేసి చూపించు. గాలి 10 మైళ్ళు దాటిందా, తుపాకులు సంచుల్లోంచి బయటికి రావు, మల్‌హ్యూర్ పక్షుల ఆశ్రయం వైపు వెళ్ళి పిట్టల్ని చూసి వద్దాం. నీ బైనాక్యులర్స్ మర్చిపోకు.

నిన్న సాయంత్రం ఆసామి ఫోన్ చేశాడు. సోమవారం నుంచి ఎండ కాస్తోందట, పొలం నిండా ఉడతలేనట. ఆ తూర్పు వైపు గుట్ట దగ్గర ఏమైనా కదిలిందా అని అడగబోయి ఊరుకున్నాను.

అమ్మ