నేపాల్ భూ వ్యవస్థ శాఖ మంత్రి గారికి ఒక తెలుగు కోడలి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

నాది గుంటూరు. అత్తగారి ఊరు చిత్వన్ జిల్లా భరత్‌పూర్. మా ఆయన అక్కడే పుట్టి పెరిగారు, ఇప్పుడు అమెరికా పౌరుడు. మేము టెక్సస్‌లో ఇర్వింగ్‌లో ఉంటాం. ఇక్కడ మా పక్క వీధుల్లో తెలుగువాళ్లు ఎంతమందో నేపాలీలూ అంతమంది కనిపిస్తారు. ఈ లేఖ నేపాలీ ప్రతి మీ శాఖకు పంపుతున్నాం. నా మనసులో మాట సూటిగా చెప్పగలిగేది తెలుగులోనే కాబట్టి ముందు తెలుగులో రాశాను. పైగా సొంత ఊళ్లో స్థలం కొనాలనుకునే తెలుగు ప్రవాసులకు కూడా ఇందులో చాలా సంగతులు తెలిసినవిగానే అనిపిస్తాయి.

ముందే ఒక మాట. మీ దేశంలో భూమి మీద నాకేదో హక్కు కావాలని అడగడం లేదు. ప్రవాస నేపాలీలకు ఇప్పుడున్నదాని కంటే ఎక్కువ భూమి ఇవ్వమనీ అడగడం లేదు. చట్టం ఇప్పటికే ఇచ్చింది సొంత పేరున, సొంత సంతకంతో దక్కేలా చూడమని మాత్రమే అడుగుతున్నాను.

2008 నాటి ప్రవాస నేపాలీ చట్టం, ఆ మరుసటి ఏడాది వచ్చిన నియమావళి ప్రకారం విదేశీ పౌరసత్వం తీసుకున్న నేపాలీ మూలాల వాళ్లు నివాసం కోసం భూమి కొనుక్కోవచ్చు. కాఠ్మాండూ లోయలో 2 రోపనీలు, అంటే మన లెక్కలో దాదాపు 25 సెంట్లు. తరాయి, అంటే దక్షిణ మైదాన ప్రాంతపు పట్టణాల్లో 8 కఠ్ఠాలు, అంటే సుమారు 67 సెంట్లు. ఒక కుటుంబం ఇల్లు కట్టుకోవడానికి ఇది ఎక్కువే. ఈ పరిమితి ఉండాలనే నా అభిప్రాయం కూడా. నేను మొదటిసారి వెళ్లినప్పుడు భరత్‌పూర్ చుట్టుపక్కల ఆవ చేలు పసుపుపచ్చగా ఉండేవి. ఇప్పుడు వాటిలో చాలా చోట్ల హద్దురాళ్లు పాతేశారు. బయటి నుంచి వచ్చే డాలర్లు, రియాళ్లు కూడా అందుకు ఒక కారణమే. వ్యవసాయ భూమిని ఇష్టమొచ్చినట్టు ప్లాట్లు చేయకుండా 2022లో మీ ప్రభుత్వం భూ వినియోగ నియమావళి తెచ్చినప్పుడు మా ఇంట్లో అందరం మంచిదే అనుకున్నాం.

చిక్కంతా హక్కును అమలు చేసే చోట ఉంది. మా అత్తగారి ఇంటి పక్కనే చిన్న ఘడేరి, అంటే ఇళ్ల స్థలం, అమ్మకానికి వచ్చింది. ఆవిడకి వయసు మీద పడింది. ఏడాదిలో సగం రోజులైనా దగ్గరుండాలని మా ఆశ. మా ఆయన చేతిలో ప్రవాస నేపాలీ పౌరసత్వ పత్రం ఉంది. 2015 రాజ్యాంగం 14వ అధికరణంలో మాట ఇచ్చి, 2023 మే 31న రాష్ట్రపతి రామచంద్ర పౌడెల్ సంతకం చేసిన సవరణ తర్వాత చేతికొచ్చిన పత్రం అది. ఓటు లాంటి రాజకీయ హక్కులు ఉండవు, ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కులు ఉంటాయి అని అందులో అర్థం. అది ఇచ్చేముందు జిల్లా అధికారులు ఆయన తండ్రి ఎవరో, తాత ఎవరో అన్నీ పరిశీలించారు.

కానీ రిజిస్ట్రేషన్ దగ్గరికి వచ్చేసరికి ఆ పత్రం చాలలేదు. పాత నాగరికతా (పౌరసత్వ) పత్రంలో ఉన్న మధ్య పేరు అమెరికా పాస్‌పోర్టులో లేదన్నారు. ఆ రెండు పేర్లూ ఒకే మనిషివని వార్డు ఆఫీసు నుంచి రాయించుకు రమ్మన్నారు. అది తెస్తే బంధుత్వ ధ్రువీకరణ మళ్లీ కావాలన్నారు. వారిస్‌నామా, అంటే మన జీపీఏ, రాసిచ్చి మా మరిదిని తిప్పాం. ఆయన సొంత పని మానుకుని తిరుగుతుంటే మాకు ఇక్కడ నిద్ర పట్టేది కాదు. చివరికి అక్కడి లేఖందాసు (దస్తావేజులు రాసేవాడు), ఊళ్లో బంధువులు, తెలిసినవాళ్లు అందరూ ఒకే సలహా ఇచ్చారు: "తమ్ముడి పేరున రాయించెయ్యండి, టెన్షన్ ఉండదు."

మంత్రి గారూ, నన్ను కలవరపెట్టింది ఆ సలహాయే. చట్టం ప్రకారం నడవాలనుకునేవాడికి దారి పొడవునా అడ్డంకులు. ఇంకొకరి పేరున దాచుకునేవాడికి ఒక్క రోజులో పని అయిపోతుంది. మా మరిది బంగారం లాంటి మనిషి. కానీ అందరి ఇళ్లలోనూ అలా ఉండదు. అన్న డబ్బు, తమ్ముడి పేరున లాల్‌పుర్జా (భూ యాజమాన్య పత్రం), ఆ తర్వాత పిల్లల మధ్య పేచీలు. ఇలా మాటలు లేని అన్నదమ్ములను ఇర్వింగ్‌లో నాకు తెలిసిన నేపాలీ ఇళ్లలోనే చూశాను.

ఇంకో భయం కూడా ఉంది. విదేశీ పౌరసత్వం తీసుకుంటే నేపాలీ పౌరసత్వం పోతుందని 2006 పౌరసత్వ చట్టం చెబుతుంది. సరే. కానీ అప్పటికే పేరు మీద ఉన్న భూమి, తండ్రి నుంచి రావాల్సిన వాటా సంగతి ఏమిటో మామూలు మనిషికి అర్థమయ్యేలా ఎవరూ చెప్పరు. ఒక ఆఫీసులో ఒక మాట, ఇంకో ఆఫీసులో ఇంకో మాట. అందుకే కొందరు కొత్త పాస్‌పోర్టు సంగతి బయటికి చెప్పకుండా ఉండిపోతున్నారు. ఇది వాళ్లకూ ప్రమాదమే, మీ రికార్డులకూ ప్రమాదమే.

నేను ఓసీఐ కార్డుదారుని, అంటే విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకు భారత్ ఇచ్చే కార్డు నా దగ్గర ఉంది. 2006 జనవరిలో ఆ పథకాన్ని మొదలుపెట్టింది మా హైదరాబాద్‌లోనే. గుంటూరులో నేను ఫ్లాట్ కొనొచ్చు, ఇళ్ల స్థలం కొనొచ్చు. పొలం, తోట, ఫామ్‌హౌస్ కొనకూడదు. నాన్నగారి పొలం వారసత్వంగా వస్తే తీసుకోవచ్చు. నియమం కఠినమే, కానీ స్పష్టంగా ఉంది. మా దగ్గరా అంతా బాగుందని అనను. జీపీఏ పట్టుకుని ప్రవాసుల స్థలాలు అమ్మేసిన ఉదంతాలు తెలుగు రాష్ట్రాల్లో తక్కువేం కాదు. అందుకే మీ చోట అది పెరగకముందే అడుగుతున్నాను.

ప్రవాస నేపాలీ పౌరసత్వ పత్రం ఉన్నవారిని మళ్లీ బంధుత్వం నిరూపించమని అడగవద్దని మాల్‌పోత్ (భూ రిజిస్ట్రేషన్) కార్యాలయాలన్నిటికీ ఉత్తర్వు ఇవ్వండి. పేరులో తేడా ఉంటే రాయబార కార్యాలయం ఇచ్చే ఒక్క ధ్రువీకరణ చాలని అందులో రాయండి. కొనేవారు రాయబార కార్యాలయంలో అధికారి ఎదుట సంతకం చేస్తే, దాన్ని మాల్‌పోత్‌లో హాజరైనట్టే లెక్కించండి. ఒక కిత్తా (ప్లాటు) నంబరు మీద మోహీ, అంటే కౌలుదారు, హక్కు ఉందా, అది గుఠీ (ధార్మిక ట్రస్టు) భూమా, బ్యాంకో కోర్టో రోక్కా, అంటే లావాదేవీలు జరగకుండా ఆంక్ష, పెట్టిందా అన్నది రుసుము తీసుకుని ఆన్‌లైన్‌లో చూపించండి. మోహీ నమోదై ఉన్న భూమిలో సగం ఆ కౌలుదారుకు పోతుంది. సముద్రాల అవతల ఉన్నవాడికి అది డబ్బు కట్టాక తెలిస్తే ఏం లాభం?

ఇది మా లాంటి విదేశీ పాస్‌పోర్టు వాళ్ల కోసమే కాదు. ఖతార్‌లో, సౌదీలో, మలేషియాలో ఎండలో పనిచేసే నేపాలీలు ఇప్పటికీ మీ పూర్తి పౌరులు. నివాస స్థలం మీద మాకున్న ఈ పరిమితి వాళ్లకు లేదు. కానీ సెలవు దొరకదు కాబట్టి వాళ్లూ వారిస్‌నామా మీదే కొంటారు, చూడని భూమికి డబ్బు పంపుతారు. దేశ జీడీపీలో పావు వంతును మించి వస్తున్న రెమిటెన్సులో పెద్ద భాగం వాళ్ల చెమటే. పైన అడిగిన ఆన్‌లైన్ రికార్డు, రాయబార కార్యాలయంలో సంతకం ముందుగా దోహా, రియాద్, కౌలాలంపూర్‌లలో మొదలుపెట్టండి. మా టెక్సస్ వాళ్లం ఆ తర్వాత వరుసలో నిలబడతాం.

ఇట్లు,
భరత్‌పూర్ కోడలు, గుంటూరు ఆడపడుచు
ఇర్వింగ్, టెక్సస్