వయసు నంబర్ చూసి బర్బన్ కొనమంటే ఎలా?

ఎడిటర్ గారికి నమస్తే,

మీ ఆదివారం పేజీలో ఫారిన్ విస్కీల మీద వచ్చిన ఆర్టికల్ చదివాను. 2025 ఫిబ్రవరిలో బర్బన్ (మొక్కజొన్న ఎక్కువగా వేసి చేసే అమెరికా విస్కీ) మీద కస్టమ్స్ డ్యూటీ 150 నుంచి 100 శాతానికి తగ్గిన సంగతి కూడా రాశారు, అంతవరకు ఓకే. కానీ సీసా మీద ఎన్నేళ్లని ఉంటే అంత గొప్ప సరుకు, డబ్బులుంటే పాతదే తీసుకోండి అని సలహా ఇచ్చారు చూడండి, అది స్కాచ్ లెక్కండీ, బర్బన్ ఎక్కువగా తయారయ్యే కెంటకీలో ఉంటున్నవాణ్ణి, నాకు అస్సలు మింగుడుపడలేదు.

స్కాచ్ ఎక్కువగా ఇదివరకే వాడేసిన పీపాల్లో, చల్లటి చోట ఊరుతుంది కాబట్టి ఇరవై ఏళ్లున్నా తట్టుకుంటుంది. బర్బన్‌కి మాత్రం లోపల బొగ్గయ్యేలా కాల్చిన కొత్త ఓక్ పీపానే వాడాలని రూలు, పైగా ఇక్కడి ఎండాకాలం గోడౌన్ పై అంతస్తుల్లో ఉడికిపోతుంది, సరుకు ఆ వేడికి చెక్కలోకి దిగి చలికి మళ్లీ బయటికొస్తూ ఉంటుంది, మరీ ఎక్కువేళ్లు వదిలేస్తే టీ అతిగా మరిగినట్టు వగరొచ్చేస్తుంది.

మీరు ఫొటో వేసిన ఎర్ర లక్క మూత మేకర్స్ మార్క్ గోధుమ రకం. అందులోనూ 70 శాతం మొక్కజొన్నే, గోధుమ 16, మాల్ట్ బార్లీ 14. మిగతా చాలా బర్బన్లలో ఆ గోధుమ చోట రై అనే ధాన్యం ఉంటుంది, మిరియాల ఘాటు, దాల్చినచెక్క వాసన ఎక్కువగా దానివే. రై లేకపోతే ఆ ఘాటు తగ్గి పీపా నుంచి దిగిన వెనిలా, పంచదార పాకం ముందుకొస్తాయి (రంగులు, ఫ్లేవర్లు కలపడానికి వీల్లేదిక్కడ, అంతా చెక్క పనే). చెక్క ఎక్కువైనా అంతే, దాచేది ఏదీ ఉండదు, వెంటనే దొరికిపోతుంది. మేకర్స్ సీసా మీద అసలు వయసే ఉండదు, రుచి చూసి ఎప్పుడు దించాలో డిసైడ్ చేస్తారు. 2013లో వాళ్లు ఆల్కహాల్‌ని 45 నుంచి 42 శాతానికి దించుతామంటే తాగేవాళ్లు గోల గోల చేశారు, వారం పది రోజుల్లోనే వెనక్కి తగ్గారు. అంటే జనం పట్టించుకున్నది వయసు కాదు, రుచీ స్ట్రెంతూ!

రుచి చూడ్డమంటే ఐసు, సోడా, మిక్చర్ పక్కన పెట్టేయాలి (సాయంత్రం పార్టీ వేరే సంగతి, దానికి నేను అడ్డురాను). మూతి సన్నగా ఉన్న గ్లాసులో కొంచెం పోసి కాసేపు వదిలేయండి, ముక్కు లోపల పెట్టేయకుండా నోరు కొద్దిగా తెరిచి దూరం నుంచి వాసన చూడండి. మొదటి గుక్క లెక్కలోకి తీసుకోవద్దు, అది నోటికి అలవాటు కోసం. రెండోది నాలుక మీద తిప్పి మింగి, ఆగండి. గోధుమ రకాన్ని నేను తూచేది ఇక్కడే, మెత్తగా ఉంది అనేస్తే సరిపోదు, మెత్తగా ఉండి నీళ్లలా జారిపోయేవి కూడా ఉన్నాయి, మింగాక తీపి ఎంతసేపు నిలబడింది, చివర్లో చేదు తగిలిందా అన్నది చూడాలి. తర్వాత రెండు చుక్కలు నీళ్లు వేసి మళ్లీ చూడండి. స్ట్రెంత్ దగ్గరగా ఉన్నవే పక్కపక్కన పెట్టాలి, 45 శాతం మేకర్స్‌తో 46 శాతం లార్సెనీ ఓకే (అదీ గోధుమ రకమే), అదే రకమైనా 53.5 ఉండే వెల్లర్ యాంటిక్‌ని మధ్యలో పెడితే మిగతావి చప్పగానే అనిపిస్తాయి. పోసేది వేరేవాళ్లు అయితే ఇంకా మంచిది, పాపీ వాన్ వింకిల్ లాంటి పేరు మోసిన ఖరీదైన బర్బన్ లేబుల్ కనబడితే ఎవరి నోరైనా ముందే ఒప్పేసుకుంటుంది!

ఈసారి ఇలాంటి ఆర్టికల్ వేస్తే ధర పక్కన ఆల్కహాల్ శాతం, రై రకమా గోధుమ రకమా అన్నది కూడా వేయండి సార్, ఆ బాక్సులో చోటు లేకపోతే వయసు కాలమ్ తీసేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, లూయీవిల్, కెంటకీ