వాసన పరీక్ష గదిలోని ఆమెకు కృతజ్ఞతలు

వైరస్ జ్వరం తగ్గినా తిరిగి రాని వాసన కోసం ఎందరో వైద్యుల చుట్టూ తిరిగిన తరువాత, నిన్న ఉదయం లవంగం వాసన, పలుచగానే అయినా, లవంగం వాసనగానే నాకు తెలిసింది. రాత్రి నిద్ర పట్టలేదు, ఒళ్లంతా అలసటగా ఉంది. అయినా ఈ మాటలు ఈరోజే రాయాలి.

మావారు, అమ్మ, అత్తగారు ఎప్పటిలాగే తోడుగా ఉన్నారు. నేను చెప్పవలసింది, పేరైనా అడిగి తెలుసుకోని ఒక పరీక్షకురాలి గురించి.

ఆమె ఒక్కొక్క సీసా నా ముక్కు దగ్గర పెట్టి, నాలుగు పేర్లు చదివి, అందులో ఏదో చెప్పమన్నారు. నాకు ఏదీ తెలియలేదు. ఆమె సీసాలు పక్కన పెట్టి, "ఏ వాసన పోయినందుకు మీకు ఎక్కువ బాధగా ఉందండీ?" అని అడిగారు. అంతవరకు నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. నా పసిబిడ్డ నడినెత్తి వాసన అని చెప్పబోయి, మాట పూర్తి చేయలేక ఏడ్చేశాను. ఆమె తొందరపెట్టలేదు. తన భోజన విరామం వదులుకుని, కాగితం మీద ముక్కు బొమ్మ గీసి, వాసన పట్టే కణాలు ముక్కు పైభాగంలోని పొరలో ఉంటాయనీ, వాటి నుంచి బయలుదేరే నాడీ తంతువులు సన్నని చిల్లులున్న ఎముక గుండా మెదడుకు చేరుతాయనీ, ఆ కణాలు జీవితాంతం కొత్తగా పుడుతూనే ఉంటాయి గనుక ఆశ వదులుకోనక్కరలేదనీ వివరించారు. అందరికీ తిరిగి వస్తుందని మాత్రం చెప్పలేదు. తలకు దెబ్బ తగిలి తంతువులు తెగినవారికి అవకాశం తక్కువని దాచకుండా చెప్పారు. అందుకే ఆమె మాట నమ్మాను.

గులాబీ, యూకలిప్టస్, నిమ్మ, లవంగం, ఈ నాలుగింటినీ రోజుకు రెండు పూటలా, మనసు పెట్టి, 12 వారాల పాటు వాసన చూసే ఘ్రాణ శిక్షణను జర్మనీలోని డ్రెస్డెన్‌లో థామస్ హమ్మెల్ బృందం 2009లో ప్రచురించిందని నాకు చెప్పింది ఆమే. మధ్యలో కాఫీ, సబ్బు కుళ్లు కంపు కొట్టవచ్చనీ, తరచు అది కోలుకునే దారిలో వచ్చే దశేననీ ముందే హెచ్చరించారు. అలాగే జరిగినప్పుడు నేను బెదిరిపోకుండా నిలబడ్డానంటే ఆ మాట వల్లనే. ఇంట్లో పొగ అలారం పెట్టించారా, గ్యాస్ లీకైతే ఎవరు గమనిస్తారు అని కూడా ఆమే అడిగారు.

ఇవన్నీ నాకు మొదటి రోజే ఎందుకు తెలియలేదు? చూపు తగ్గితే కొలుస్తారు, వినికిడి తగ్గితే కొలుస్తారు, వాసన పోతే మాత్రం "ప్రాణాపాయం లేదుగా, అలవాటు పడండి" అంటారు. ముక్కులోని కండ పెరుగుదల వల్లనో, సైనస్ వాపు వల్లనో వాసన పోతే స్టెరాయిడ్ స్ప్రేలు, శస్త్రచికిత్స ఉపయోగపడతాయి. వైరస్ దెబ్బ తీసిన ముక్కుకు దారి వేరు. నాకు మందులు రాసినవారిలో ఒకరిద్దరు ముక్కు లోపల చూడనైనా చూడలేదు. వాసన పోవడాన్ని చిన్న విషయంగా తీసిపారేసే ఈ పద్ధతి మారాలి.

అన్నట్టు, చివరికి నన్ను ఆ పరీక్షకు పంపిన ముక్కు, చెవి, గొంతు వైద్యురాలికి కృతజ్ఞతలు. వరుసలో తన వంతు నాకిచ్చిన పెద్దాయనకు కూడా. అయ్యో, శిక్షణ సీసాల మీద పేర్లు రాసి అంటించిన మా ఆడపడుచును మరిచాను, ఆమెకూ కృతజ్ఞతలు.